నొప్పి మందు వ్యసనము కాకుండ: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాయతీ సమావేశములలో సాధారణముగా మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, పన్నుల వసూలు మున్నగు విషయములు చర్చకు వచ్చుచుండును. నేడు మేము ప్రస్తావింపదలచిన విషయము మీ కార్యక్రమ పట్టికలో తరచుగా కనబడునది కాదు. అది ఇంటి గూటిలో, రొంటిన దోపిన పొట్లములో, పొలమునకు పోవు అన్నపు సంచిలో దాగియుండు చిన్న బిళ్ళకు సంబంధించినది. నడుము నొప్పికి, మోకాళ్ళ నొప్పికి, దెబ్బలకు, శస్త్రచికిత్స పిమ్మట కలుగు బాధకు వాడు మందులను గూర్చియు, వానిలో కొన్నిటివలన కలుగు వ్యసనమును గూర్చియు మీతో ముచ్చటింప వచ్చితిమి.

సారాయివలన ఒక సంసారము చెడినచో ఆ సంగతి ఊరందరకు తెలియును. త్రాగినవాని నడక చెప్పును. నోటి వాసన చెప్పును. రాత్రివేళ ఆ ఇంట పుట్టు కేకలు చెప్పును. మందు బిళ్ళల వ్యసనము అట్టిది కాదు. దానికి వాసన లేదు, అల్లరి లేదు. అది వైద్యుని చీటీతో, రోగికి మేలు చేయుటకై, గౌరవముగా ఇంట అడుగుపెట్టును. వచ్చిన పని ముగిసిన పిమ్మట వెళ్ళవలసినది వెళ్ళక అచటనే తిష్ఠవేయును. పొరుగువారు గమనించునప్పటికే ఆ కుటుంబము అప్పులపాలై యుండును. అందువలననే గ్రామమునకు కన్నులును చెవులును అయిన మీరు ఈ విషయమును ముందుగా తెలిసికొనుట అవసరమని మా విన్నపము.

నొప్పి మందులలో రెండు తెగలు

మొదట ఒక భేదమును స్పష్టముగా గుర్తింపవలెను. నొప్పి మందులన్నియు వ్యసనమును కలిగించునవి కావు. మన ఇండ్లలో సాధారణముగా వాడు పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మొదటి తెగకు చెందినవి. వీనికి మనస్సును లొంగదీసికొను గుణము లేదు. అంతమాత్రమున ఇవి నిరపాయములని తలపరాదు. పారాసిటమాల్ మితిమీరినచో కాలేయము చెడును. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్‌లను దీర్ఘకాలము వాడినచో కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు దెబ్బతినవచ్చును. ఎండలో చెమటోడ్చి, చాలినంత నీరు త్రాగక పనిచేయువారికి ఈ రెండవ ప్రమాదము అధికము.

రెండవ తెగ నల్లమందు జాతికి చెందినది. మార్ఫిన్, కోడీన్, ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటానిల్, బ్యూప్రినార్ఫిన్, పెంటజోసిన్ అను సూదిమందు – ఇవన్నియు ఈ కోవలోనివే. ఇందు కొన్ని మొక్కనుండి తీసినవి. కొన్ని ప్రయోగశాలలలో తయారైనవి. కాని అన్నియు మెదడులో ఒకే చోట పనిచేయును. నొప్పిని అణచును, దానితోపాటు ఒక విధమగు హాయిని, మత్తును కలిగించును. శ్వాసను మందగింపజేయును. వ్యసనమునకు మూలము ఈ రెండవ తెగలోనే కలదు.

ఇచట ఒక చిక్కు గలదు. మార్కెట్టులో దొరకు కొన్ని బిళ్ళలలో ఈ రెండు తెగలును కలిసియుండును. పారాసిటమాల్, ట్రమడాల్ చేర్చి చేసిన బిళ్ళ ఇందుకు ఉదాహరణము. వాడువాడు దానిని కంపెనీ పెట్టిన పేరుతోనే అడుగును గాని లోపల ఏమున్నదో ఎరుగడు. అట్టకు వెనుక సన్నని అక్షరములలో అసలు మందు పేరు ముద్రింపబడియుండును. చదువుకొన్న పిల్లవానిచేతనైనను ఆ పేరు చదివించుకొనుట ప్రతి ఇంటను అలవాటు కావలెను.

గసగసాల మొక్క కథ

మన వంటింటిలో గసగసాలు అందరకు తెలిసినవే. అవి కూరలో రుచికి వేయు విత్తనములు మాత్రమే. ఆ మొక్క పచ్చికాయను గీరినపుడు కారు పాలు గట్టిపడినచో నల్లమందు అగును. మన దేశమున మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో నిర్ణయించిన ప్రాంతములందు మాత్రమే, కేంద్ర ప్రభుత్వపు లైసెన్సుతో, ఔషధముల నిమిత్తము ఈ పంటను పండించుచున్నారు. ఘాజీపూర్, నీమచ్ పట్టణములలోని ప్రభుత్వ కర్మాగారములు దీని శుద్ధికి ఏర్పడినవే.

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున సెర్ట్యూర్నర్ అను జర్మన్ ఔషధ నిపుణుడు నల్లమందునుండి దాని సారమును వేరుచేసి, గ్రీకుల స్వప్నదేవత పేరుమీద దానికి మార్ఫిన్ అని పేరిడెను. నొప్పిని అణచుటలో దానికి సాటియైనది నాటికి లేదు. కాని అలవాటు పడినవారు దానిని విడువలేకపోయిరి. 1898లో జర్మనీలోని బేయర్ కంపెనీ హెరాయిన్ అను మందును దగ్గుకు మంచిదని, మార్ఫిన్ వలె అలవాటు కాదని చెప్పి అమ్మకమునకు పెట్టెను. అది మార్ఫిన్‌ను మించిన వ్యసనమని కొలది ఏండ్లలోనే లోకము తెలిసికొనెను. ట్రమడాల్ 1977లో జర్మనీలో వాడుకకు వచ్చినపుడును దానివలన అలవాటు ప్రమాదము స్వల్పమనియే తలచిరి. అనుభవము వేరుగా చెప్పుటచే అమెరికా 2014లోను, మన దేశము 2018 ఏప్రిల్ నెలలోను దానిని మాదకద్రవ్యముల నియంత్రణ క్రిందికి తెచ్చినవి.

సభ్యులారా! ఈ చరిత్రలో ఒక మాట మరల మరల వినబడుచున్నది. “ఇది క్రొత్త మందు, ఇది అలవాటు కాదు” అనునదే ఆ మాట. నూరేండ్లకు పైగా ఈ మాటను నమ్మి చెడినవారు అనేకులు. కావున మీ గ్రామమున ఎవరైనను ఈ మాట చెప్పి బలమైన నొప్పి బిళ్ళను అమ్మజూపినచో, కారణము అడుగుటకు సంకోచింపకుడు.

అలవాటు ఎట్లు ఏర్పడును?

వ్యసనము ఒక దినమున కలుగునది కాదు. ఒక ఉదాహరణను ఊహింతము. వరికోతలకు పోవు ఒక కూలీకి నడుము పట్టినది. పని మానినచో ఆనాటి కూలి పోవును. బస్తీలో వైద్యుడు పరీక్షించి అయిదు దినములకు బిళ్ళలు వ్రాసి, బరువు ఎత్తవద్దని చెప్పెను. బిళ్ళ వేసికొన్న అరగంట, గంటలో నొప్పి తగ్గినది. శరీరము తేలికయైనది. ఇల్లాలితో ఏండ్లనుండి లేని విధముగా నవ్వుచు మాటలాడెను. పనియు సాగినది. అయిదు దినములు గడచినవి. నొప్పి కొంత మిగిలియున్నది, కోతలును మిగిలియున్నవి. అతడు మరల వైద్యుని కడకు పోవక, పాత చీటీతో, అదియు లేనినాడు ఖాళీ అట్టతో, మందుల దుకాణమునకు పోయెను. దుకాణదారు ఎరిగిన మనిషి, కాదనలేకపోయెను.

మూడు నాలుగు వారములు గడచునప్పటికి ఒక బిళ్ళకు తగ్గిన నొప్పి రెండింటికి గాని తగ్గదు. శరీరము మందునకు అలవాటుపడినది. రెండు నాలుగగును. కోతలు ముగిసినవి. ఇక మందు చాలునని అతడు ఒకనాడు మానివేసెను. మరునాటికి ఆవులింతలు, కంటినీరు, ముక్కు కారుట, చెమటలు, ఒడలు గగుర్పొడుచుట, విరేచనములు, ఎముకలలో పీకుడు, నిద్రలేమి పట్టుకొన్నవి. నడుము నొప్పియు మునుపటికంటె హెచ్చైనట్లు తోచెను. రోగము తిరుగబెట్టినదని అతడును, ఇంటివారును తలచిరి. ఒక బిళ్ళ వేసికొనగానే అన్నియు మటుమాయమైనవి. ఇంకేమి! మందే తనను నిలుపుచున్నదని అతని నమ్మకము. నిజమునకు ఆ బాధలో ఎక్కువ భాగము మందు మానుటవలన కలిగినదే.

ఇచటనుండి దిగుడు మెట్లు త్వరగా సాగును. కూలిలో సగము బిళ్ళలకు పోవును. ఇంటిలో అబద్ధములు మొదలగును. గాదెలోని ధాన్యము, తరువాత ఇల్లాలి పుస్తె అమ్ముడుపోవును. ఈ మనిషి చెడ్డవాడు కాడు, సోమరి కాడు. పని మానకుండుటకై మందు పట్టినవాడు అతడు. ఈ సంగతిని మీరు గుర్తుంచుకొనవలెనని ప్రత్యేకముగా కోరుచున్నాము. వ్యసనము మెదడును మార్చివేయు ఒక జబ్బు. తిట్టుటవలన, కొట్టుటవలన, నలుగురిలో నిలబెట్టి సిగ్గుపరచుటవలన ఏ జబ్బును నయమైనట్లు మేము వినియుండలేదు.

వైద్యుడు చెప్పిన మోతాదును, చెప్పిన కాలమును మీరకుండ వాడినవారిలో అధికులకు ఈ గతి పట్టదు. ప్రమాదము హెచ్చువారు కొందరు గలరు. పూర్వము త్రాగుడు మున్నగు వ్యసనములు ఉన్నవారు, మనోవ్యాధులతో బాధపడువారు, నెలల తరబడి మందు వాడువారు, పడుచు వయస్సులోనివారు – వీరి విషయమున వైద్యుడును, కుటుంబమును మరింత జాగరూకతతో ఉండవలెను.

అమెరికా నేర్పిన పాఠము

ధనము, వైద్యశాలలు, విద్య సమృద్ధిగా గల దేశమునకును ఈ ఆపద తప్పలేదు. మన తెలుగువారి బిడ్డలు వేలకొలదిగా నివసించు అమెరికానే చూడుడు. 1995 డిసెంబరులో ఆక్సీకాంటిన్ అను బలమైన నొప్పి బిళ్ళకు అచట అనుమతి లభించినది. మరుసటి ఏడు పర్డ్యూ ఫార్మా అను కంపెనీ దానిని మార్కెట్టులోనికి తెచ్చినది. దీనివలన వ్యసనపరులగువారు నూటికి ఒక్కరికంటె తక్కువయని కంపెనీ ప్రతినిధులు వైద్యులకు నూరిపోసిరి. ఇట్టి ధైర్యమునకు ఆధారముగా చూపబడినవానిలో 1980లో ఒక వైద్య పత్రికలో అచ్చైన చిన్న లేఖ ఒకటి. అది ఆసుపత్రిలో ఉండి మందు పుచ్చుకొన్న రోగులను గూర్చినది మాత్రమే. ఇంటికి పోయి నెలల తరబడి వాడువారిని గూర్చి అందులో ఏమియు లేదు.

క్యాన్సరు వంటి తీవ్రబాధలకు తగిన మందు, నడుము నొప్పులకును కీళ్ళ నొప్పులకును ధారాళముగా వ్రాయబడెను. 2007లో ఆ కంపెనీ వ్యసన ప్రమాదమును తక్కువచేసి చెప్పినట్లు న్యాయస్థానమున నేరము నొప్పుకొని, సుమారు 60 కోట్ల డాలర్లు చెల్లింపవలసివచ్చినది. 2020లో మరల నేరము నొప్పుకొన్నది. కాని అప్పటికే జరుగవలసిన నష్టము జరిగినది. బిళ్ళలు దొరకుట కష్టమైనపుడు అలవాటుపడినవారిలో కొందరు హెరాయిన్‌కును, పిమ్మట దొంగచాటుగా తయారైన ఫెంటానిల్‌కును మరలిరి. 2021వ సంవత్సరమొక్కదానిలో మాదకద్రవ్యములు మితిమీరి ఆ దేశమున లక్షమందికి పైగా మరణించిరి. అందు సుమారు 80 వేలమంది మరణమునకు నల్లమందు జాతి పదార్థములే కారణము. చికిత్స, విరుగుడు మందు విరివిగా అందిన పిమ్మట 2024లో ఈ మరణములు బాగుగా తగ్గినవి. ఆపదను మనుష్యులే తెచ్చుకొన్నట్లు, దానిని మనుష్యులే తగ్గింపవచ్చునని కూడ ఇందువలన తేలుచున్నది.

మన దేశమున స్థితి

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ద్వారా దేశమంతట సర్వే జరిపించి, 2019లో నివేదికను ప్రకటించినది. దాని ప్రకారము 10 మొదలు 75 ఏండ్ల వయస్సుగలవారిలో నూటికి సుమారు ఇద్దరు, అనగా 2 కోట్ల 26 లక్షలమంది, నల్లమందు జాతి పదార్థములను వాడుచున్నారు. అందు మందుల దుకాణములలో దొరకు ఔషధములను వాడువారు నూటికి దాదాపు ఒక్కరు. ఈ అలవాటు విషయమున సహాయము అవసరమైనవారు 77 లక్షలమంది.

నొప్పి మందులకు తోబుట్టువు వంటిది నిద్రమందు. తెలంగాణ ప్రాంతమున కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయజిపామ్ వంటి నిద్రమందులను కలుపు దురాచారము మీలో కొందరికి తెలిసియేయుండును. 2015లో అధికారులు ఈ కల్తీని గట్టిగా అరికట్టినపుడు, అనేకులు వణుకుతో, మూర్ఛలతో, మతిచలించిన ప్రవర్తనతో ఆసుపత్రులకు చేర్చబడిరి. తాము కల్లు త్రాగుచున్నామనుకొన్నవారు మందునకు బానిసలైనట్లు మందు ఆగిన దినముననే తెలిసివచ్చినది. సరఫరాను ఆపుట ఎంత అవసరమో, ఆపిననాడు చికిత్సను సిద్ధముగా ఉంచుట అంత అవసరమని ఈ సంఘటన మనకు బోధించుచున్నది.

చట్టము ఏమి చెప్పుచున్నది?

ట్రమడాల్, కోడీన్, పెంటజోసిన్, ఆల్ప్రజోలం మున్నగు మందులు ఔషధ నిబంధనలలోని ‘హెచ్-1’ పట్టికలో చేరియున్నవి. 2014 మార్చి 1వ తేదీనుండి అమలులోనున్న ఈ పట్టిక ప్రకారము ఇట్టి మందులను రిజిష్టరైన వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. దుకాణదారు ప్రత్యేక రిజిష్టరు ఉంచి, వ్రాసిన వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణము నమోదుచేసి, దానిని మూడేండ్లు భద్రపరుపవలెను. మందు అట్టపై ఎర్రగీతల చట్రములో హెచ్చరికయుండును. ఆ ఎర్రచట్రమును గుర్తించుట చదువురానివారికిని సాధ్యమే.

మాదకద్రవ్యముల చట్టము 1985లో వచ్చినది. అక్రమ విక్రయమునకు అందు కఠినశిక్షలు గలవు. కాని అదే చట్టములోని 64-ఏ సెక్షను ప్రకారము, వ్యసనపరుడు తనంత తాను గుర్తింపుపొందిన ఆసుపత్రిలో చికిత్సకు వచ్చినచో, కేవలము వాడుకకును, స్వల్ప పరిమాణమునకును సంబంధించిన నేరములకు ప్రాసిక్యూషన్ నుండి రక్షణ గలదు. పోలీసు భయముచే చికిత్సకు రానివారికి ఈ సంగతి తెలియజెప్పుట మీరు చేయగల గొప్ప ఉపకారము.

నొప్పిని అలక్ష్యము చేయరాదు

ఇంతవరకు విని, “అట్లయిన ఈ మందులను ఊరిలో అడుగుపెట్టనీయము” అని మీలో ఎవరైన తలచినచో, ఆ తలంపును మానుకొనవలెనని కోరుచున్నాము. క్యాన్సరు ముదిరిన రోగి రాత్రులు పడు యాతనను చూచినవారికి మార్ఫిన్ విలువ తెలియును. 1985 చట్టమునకు పిమ్మట అనుమతుల చిక్కులకు భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుట మానినందున, దేశమున వైద్యమునకు దాని వాడుక మిక్కిలి పడిపోయినది. నల్లమందును పండించి ఇతర దేశములకు పంపు మన దేశముననే రోగులు నొప్పితో విలవిలలాడిరి. ఈ లోపమును దిద్దుటకై 2014లో చట్టము సవరింపబడి, అత్యవసర మాదక ఔషధములు రోగులకు అందుటకు మార్గము సులభమైనది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఇట్టి రోగులకు ఉపశమన చికిత్స లభించుచున్నది.

కేరళ రాష్ట్రము ఈ విషయమున మార్గదర్శి. 1993లో కోజికోడ్‌లో ఆరంభమైన ఉపశమన చికిత్స ఉద్యమము ఊరూరికి ప్రాకినది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించినది. నేడు అచట గ్రామ పంచాయతీల ప్రమేయముతో నర్సులు మంచము పట్టిన రోగుల ఇండ్లకు వెళ్ళి సేవ చేయుచున్నారు. బలమైన నొప్పి మందు అవసరమైనవానికి అందవలెను, అనవసరమైనవానికి అందరాదు. ఈ రెండును ఒకే కర్తవ్యమునకు రెండు ముఖములు.

గుర్తింపదగిన లక్షణములు

చెప్పిన మోతాదునకు మించి వాడుట, గడువుకు ముందే మందు అయిపోయినదనుట, ఒక వైద్యునికి తెలియకుండ మరొక వైద్యుని కడ చీటీ వ్రాయించుకొనుట, నొప్పి లేనినాడును బిళ్ళ వేసికొనుట, పగటివేళ తూగుట, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, విడువని మలబద్ధకము, ఇంటి డబ్బు, వస్తువులు కనబడకపోవుట – ఇందు కొన్ని ఒకేచోట కనబడినపుడు అనుమానింపవలెను. ఒక్క లక్షణమును పట్టుకొని ఎవనినిగాని వ్యసనపరుడని ముద్ర వేయరాదు.

ప్రాణాపాయపు గుర్తులు వేరు. మనిషి ఎంత తట్టిలేపినను లేవకపోవుట, ఊపిరి మిక్కిలి నెమ్మదించుట లేక గురకవలె ఆగి ఆగి వచ్చుట, పెదవులు, గోళ్ళు నీలమగుట – ఇవి కనబడినచో క్షణమైన జాగు చేయక 108కి ఫోను చేయవలెను. రోగిని ప్రక్కకు తిప్పి పడుకొనబెట్టవలెను. నోట నీరుగాని, మజ్జిగగాని పోయరాదు. ఏమి మ్రింగెనో తెలిసినచో ఆ అట్టను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. సకాలమున అందినచో నాలోక్సోన్ అను విరుగుడు మందు శ్వాసను తిరిగి నిలుపగలదు. ఈ నొప్పి బిళ్ళలను సారాయితోగాని, నిద్రమందుతోగాని కలిపి వాడినచో ఈ ప్రమాదము అనేకరెట్లు హెచ్చును. ట్రమడాల్ మితిమీరినచో మూర్ఛలును రావచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, గ్రామసభలో ఈ విషయమును ప్రస్తావించుట. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని ఆహ్వానించి ఒక గంటసేపు మాటలాడించుడు. ఏ వ్యక్తి పేరును ఎత్తకుండ సామాన్యముగా చెప్పించుడు. వినవలసినవాడు విని తీరును.

రెండవది, మందుల దుకాణదారులతోను, ఊరి ఆర్.ఎం.పి.లతోను సామరస్యముగా మాటలాడుట. అర్ధరాత్రి పిలిచినను పలుకునది ఆర్.ఎం.పి.యేనని మేమెరుగుదుము. కాని ఈ మందులు వ్రాయుటకుగాని, సూదులు వేయుటకుగాని వారికి చట్టరీత్యా అధికారము లేదు. దుకాణపు రిజిష్టరును తనిఖీ చేయుట ఔషధ తనిఖీ అధికారి పని. అందు రోగుల పేర్లుండును గనుక దానిని మీరు చూడబూనరాదు. చీటీ లేని విక్రయము మానకున్నచో ఆ అధికారికి వ్రాతమూలముగా తెలియజేయుడు.

మూడవది, ఇండ్లలో పాటింపవలసిన నియమములను ప్రచారము చేయుట. ఒకరికి వ్రాసిన మందు మరొకరు వాడరాదు. బిళ్ళలను తాళము వేసి, పిల్లలకు అందని చోట ఉంచవలెను. రోగి కోలుకొన్న పిమ్మట, లేక మరణించిన పిమ్మట, మిగిలిన బిళ్ళలను గూటిలో ఉంచక ఇచ్చిన ఆసుపత్రిని అడిగి వారికి అప్పగింపవలెను. వైద్యుడు మందు వ్రాయునపుడు మూడు ప్రశ్నలు అడుగుట ప్రతి రోగికి హక్కు: “ఇది అలవాటగు మందా? ఎన్ని దినములు వాడవలెను? ఎట్లు మానవలెను?”

నాలుగవది, నొప్పికి మూలమైన కారణమును తగ్గించుట. పని ప్రదేశమున త్రాగునీరు, నీడ ఉండవలెను. బస్తాలు ఎత్తువానికి తోడుమనిషి ఉండవలెను. మోకాళ్ళ నొప్పితో బాధపడు వృద్ధురాలికి వ్యాయామము నేర్పు చికిత్స ఏ ఆసుపత్రిలో లభించునో తెలిపి, అచటికి చేర్చు ఏర్పాటు చేయవలెను. ఇవి చిన్న పనులవలె తోచును. కాని ఎన్నో బిళ్ళలను ఇవి తప్పించును.

చికిత్స గలదు

ఐదవ పని అన్నిటికంటె ముఖ్యమైనది. వ్యసనము పాలైనవానిని చికిత్సకు చేర్చుట. కొన్ని వారములుగా, నెలలుగా వాడుచున్న మందును ఒక్కమారుగా మాన్పింపరాదు. వైద్యుడు మోతాదును మెల్లమెల్లగా తగ్గించును. అలవాటు ముదిరినవారికి బ్యూప్రినార్ఫిన్, మెథడోన్ వంటి మందులను వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చి, జీవితమును గాడిలో పెట్టు పద్ధతి మన దేశమున అమలులో నున్నది. “ఒక మందు మాన్పించుటకు మరొక మందా?” అని కొందరు ఆక్షేపింతురు. దొంగచాటు బిళ్ళకై పరుగులిడువాడు, కొలిచి ఇచ్చిన మందుతో నిలకడగా పనికి పోయి బిడ్డలను పోషించుకొనుచున్నచో, అది గెలుపే.

కొన్ని దినములు మానినవాడు మరల పాత మోతాదును ఒక్కసారిగా వేసికొన్నచో ప్రాణమునకే ముప్పు. ఏలయన శరీరము ఆ బలమును తట్టుకొను శక్తిని కోల్పోయియుండును. చికిత్సనుండి తిరిగివచ్చినవారి కుటుంబములకు ఈ హెచ్చరికను తప్పక చెప్పుడు. ఒకటి రెండుసార్లు జారినవాడు ఇక బాగుపడడని తలచి విడిచివేయరాదు. ఈ జబ్బులో జారుట, మరల లేచుట సహజము.

విశాఖపట్టణములోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయము, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, బోధనాసుపత్రులలోని మానసిక వైద్య విభాగములు ఇట్టి రోగులకు సహాయపడును. వ్యసన విముక్తికై 14446, మానసిక సలహాకై 14416 నంబర్లకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఈ రెండు నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై అందరకు కనబడునట్లు వ్రాయించినచో ఖర్చు స్వల్పము, ప్రయోజనము అధికము.

సభ్యులారా! ఊరిలో బావి కలుషితమైనచో మీరు రెండు పనులు చేయుదురు. నీటిని శుద్ధిచేయింతురు, దానిని త్రాగి జబ్బుపడినవారిని ఆసుపత్రికి పంపుదురు. జబ్బుపడినవానిని చూచి, ఆ నీరు ఏల త్రాగితివని దండింపరు. నొప్పి మందుల విషయమునను ఆ న్యాయమునే పాటింపుడు. తిరిగివచ్చినవానికి పనిలో చోటు చూపుడు. అతని భార్యాబిడ్డలను పలుకరింపుడు. నొప్పితో మూలుగు రోగికి మందు అందునట్లును, అందరాని చేతికి అది అందనట్లును చూచు భారము మీయందున్నది. రానున్న గ్రామసభ పట్టికలో ఈ విషయమునకు ఒక వరుస కేటాయించినచో, ఆ భారము నిర్వహించుటకు తొలి అడుగు పడినట్లే.